స్కూలుకు ఒక్క ఫోన్ చేయండి



మా అమ్మాయి మన బ్రాంచిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. తనకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పెద్దపేగు లోపలి పొరను పుండ్లు చేసే జబ్బు ఇది. అంటుకునేది కాదు. మీ పిల్లలు తనతో ఒకే టిఫిన్ బాక్సులో తిన్నా ఏమీ కాదు.

ఆ పుండ్లు మళ్లీ రాకుండా రోజూ అజాథయోప్రిన్ మాత్ర వేసుకుంటుంది. దానివల్లే ఇప్పుడు కడుపునొప్పి, రక్తం పోవడం లేకుండా స్కూలుకు రాగలుగుతోంది. కానీ అదే మాత్ర రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. మామూలు పిల్లలకు వారం పది రోజుల్లో తగ్గిపోయే ఆటలమ్మ తనకు ఊపిరితిత్తుల దాకా పాకే ప్రమాదం ఉంది.

“టీకా వేయించవచ్చు కదా?” అని అడుగుతుంటారు. ఆటలమ్మ టీకాలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. ఇలాంటి మందులు వాడేవారికి సాధారణంగా దాన్ని వేయరు. మందు ఆపితే పేగు జబ్బు తిరగబెడుతుంది. అందుకే తన రక్షణ కొంత మన అందరి చేతుల్లో ఉంది.

మొన్న మార్చిలో తన సెక్షన్‌లో ఒకరికి ఆటలమ్మ పోసింది. ఆ ఇంటివారు ఉదయాన్నే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేశారు. టీచర్, పేరు చెప్పకుండా, నాకు విషయం చెప్పారు. మధ్యాహ్నానికల్లా మేం డాక్టర్ దగ్గరున్నాం. ఆయన రక్తపరీక్ష చేయించి, యాంటీవైరల్ మందు ఎప్పటి నుంచి వేయాలో రాసిచ్చారు. మూడు వారాలు రోజూ ఒళ్లు చూసుకున్నాం. ఒక్క పొక్కు రాలేదు.

మీకు నా విన్నపాలు ఇవి:

• ఆటలమ్మ పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది. కాబట్టి తెలిసిన రోజే స్కూలుకు చెప్పండి. అమ్మవారు పోసిందని బయట చెప్పకూడదనే పట్టింపు కొన్ని ఇళ్లలో ఉంటుంది. వేపాకు కట్టుకోండి, స్కూలుకు మాత్రం ఫోన్ చేయండి.

• తలంటు పోశాం కదా అని పంపకండి. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాలి. వీక్లీ టెస్టు పోయినా, హాజరు సర్టిఫికెట్ రాకపోయినా ఫర్వాలేదు.

• మీ బిడ్డ కూడా ఇలాంటి మందులు వాడుతుంటే స్కూలుకు రాసివ్వండి. జ్వరం వచ్చిందని మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్లు, సొంతంగా ఆపకండి. వెంటనే డాక్టర్‌ను అడగండి.

మార్చిలో ఫోన్ చేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదువుతుంటే, మీకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు.

– ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి