గచ్చు బీటలు

సోమందేపల్లె వంటి మెట్టసీమలో వేసవిని పోసిన ఇంటిముందరి సిమెంటు గచ్చు ఏడాది తిరుగకుండనే బీటలు వారును. మేస్త్రి వచ్చి సిమెంటుపాలు పోసి పూడ్చును. మరుసటి ఎండలకు అది పెంకువలె ఊడివచ్చును. రెండుమార్లు కూలి మీదే! బీటను గాక అడుగుమట్టిని చూడుడి. దిమ్మిసతో కొట్టని మట్టి కుంగును. తడి చాలని కాంక్రీటు పగులును. ఎండసీమలో కనీసము 10 దినములు తడుపవలెనని 2000 సంవత్సరపు ఐ.ఎస్. 456 అను భారత ప్రమాణము చెప్పుచున్నది. అయితే దూరమునుండి కడవ మోసితెచ్చిన తల్లిని ఆ నీళ్లు గచ్చుకు పోయుమనుటకు నాకు నోరు రాదు. కాబట్టి సెప్టెంబరు వానలదాకా ఆగుడి. అప్పుడు కుంగినచోట గడ్డపారతో మట్టివరకు పెకలించి, దిమ్మిస కొట్టించి, క్రొత్తది పోయించి, గోనెపట్టలు కప్పుడి. అందాక పేడతో అలుకుకొనుడి.