తుగ్లకాబాద్ గుట్టపై వెండి లెక్క

ఢిల్లీకి దక్షిణాన, మెహ్రౌలీ నుంచి బదర్‌పూర్ పోయే దారిలో, రాతిగుట్టపై తుగ్లకాబాద్ కోట పాడుబడి ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో దీని నిర్మాణం ఆరంభించాడు. ఏటవాలు గోడలు ఇప్పటికీ దృఢంగా ఉన్నాయి. లోపల మాత్రం ముళ్లపొదలు, కోతులు. రహదారికి ఆవల, ఎర్రరాతి గోడలపై తెల్లని పాలరాతి గుమ్మటంతో సుల్తాను సమాధి. చాలామంది దాన్ని చూసి వెనుదిరుగుతారు. జకాత్ అధ్యాయం బోధించేవాడికి కోట లోపలి శిథిలాలలోనే ఎక్కువ పని ఉంది.

1323లో ఓరుగల్లును జయించిన యువరాజే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనమెక్కాడు. హి.శ. 730 (1329-30)లో ఆయన ఇత్తడి, రాగి నాణేలు ముద్రింపించి, వాటిని వెండి టంకాలతో సమానంగా స్వీకరించాలని శాసించాడు. సుల్తానుకు విధేయుడైనవాడు కరుణామయునికి విధేయుడైనట్లేనని వాటిపై అరబీలో చెక్కించాడు. నాణెంలో లేని వెండిని ఆ మాటతో పూడ్చదలచాడేమో! ఆలోచన తెలివితక్కువది కాదు. చైనాలో అప్పటికే కాగితపు డబ్బు చెల్లుతోంది. కానీ దొంగముద్రను అరికట్టే కట్టుదిట్టం లేకపోయింది. ఇల్లిల్లూ టంకసాల అయిందని ఆనాటి చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ వ్రాశాడు. జనం ఇత్తడితో శిస్తు కట్టి, వెండిని దాచుకున్నారు. చివరకు సుల్తాను తన శాసనాన్ని ఉపసంహరించి, ఇత్తడి తెచ్చినవారికి ఖజానా నుంచి వెండి ఇప్పించాడు. అలా తిరిగివచ్చిన నాణేలు ఈ తుగ్లకాబాద్‌లోనే గుట్టలుగా పడి ఉండేవని బరనీ మాట. ఈ సుల్తానును పిచ్చివాడని ఎగతాళి చేసేవారు, మాట ప్రకారం వెండి చెల్లించిన సంగతిని సాధారణంగా చెప్పరు.

విచిత్రమేమంటే, వెండిని పరీక్షించే విద్య ఈ నగరంలో అంతకు ముందే పరిపక్వమై ఉంది. ఖిల్జీల టంకసాలలో పనిచేసిన ఠక్కుర ఫేరూ అనే జైనుడు 1318లో ‘ద్రవ్యపరీక్ష’ అనే గ్రంథం వ్రాశాడు. ఏ రాజు నాణెం ఎంత తూగుతుంది, అందులో వెండి ఎంత, రాగి ఎంత, ఎన్నింటికి ఒక టంకా వస్తుంది అన్నది అందులో వివరించాడు. రాజు పేరు చూసి కాక లోహం చూసి విలువ కట్టడం అతని వృత్తి.

మన ఫుఖహాల పద్ధతీ అదే. వెండి నిసాబ్ 200 దిర్హములు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హి.శ. 79లో స్థిరపరచిన దిర్హమ్ సుమారు 2.97 గ్రాములు, పది దిర్హములు ఏడు మిస్కాళ్లకు సమానం. ఆ లెక్కన నిసాబ్ 595 గ్రాములని కొందరంటారు. మన ఉపఖండపు ఉలమాలో ఎక్కువమంది 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు అంటారు. మరి కల్తీ ఉన్న నాణెం సంగతేమిటి? హనఫీ ఫిఖాలో వెండి పాలు అధికమైతే నాణెం మొత్తాన్నీ వెండిగానే లెక్కిస్తారు. కొద్దిపాటి కలపడం లేనిదే నాణెం గట్టిపడదు కదా! షాఫయీలు అందులోని శుద్ధమైన వెండిని మాత్రమే లెక్కిస్తారు.

ఇది పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. మన ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు ఇచ్చిన విక్టోరియా, జార్జి రూపాయలు పెట్టెల అడుగున ఉంటాయి. పాత రూపాయి సరిగ్గా ఒక తులం. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. వేరే ధనమేమీ లేదనుకుంటే, హనఫీ లెక్కన 53 రూపాయలకే నిసాబ్ పూర్తవుతుంది. శుద్ధమైన వెండినే లెక్కిస్తే 58 కావాలి. 1940 నుంచి ప్రభుత్వం వెండిని సగానికి తగ్గించింది; మిగిలినది 40 పాళ్లు రాగి, అయిదేసి పాళ్లు నికెలు, జింకు. 1947 నాటికి రూపాయి పూర్తిగా నికెలే. వెండి, కల్తీ సరిసమానమైతే ఏం చేయాలన్న విషయంలో హనఫీ పండితులలో భేదాభిప్రాయం ఉంది. జాగ్రత్త కొరకు జకాత్ ఇవ్వాలన్నదే వారు ఎన్నుకున్న మాట.

కనుక రమజాన్‌కు ముందు పెట్టె తెరిచినప్పుడు రాజుగారి బొమ్మను గాక, వెనుకవైపు సంవత్సరాన్ని చూడండి. 1939 వరకు ఉన్నవి ఒక కుప్ప, 1940 నుంచి 1945 వరకు ఉన్నవి మరో కుప్ప. కొక్కెం అతికించి మెడలో వేసుకున్నవి కూడా హనఫీ లెక్కలోకి వస్తాయి.