మొసళ్లకు పుట్టిల్లు... మంజీర

దారితప్పిన మొసలిని పట్టుకోవడం ఓ పూట పని. దానికి బతికే చోటు చూపించడం ఏళ్లతరబడి సాగే పని. సంగారెడ్డి పక్కన, మంజీర ఒడ్డున జరుగుతున్నది ఆ రెండో పనే!

జహీరాబాద్ నుంచి ముంబయి హైవే మీద హైదరాబాద్ వైపు వెళ్తుంటే చెరకు తోటలు వెనక్కి పోతాయి, సదాశివపేట వస్తుంది, ఆ తరవాత సంగారెడ్డి. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు పక్కకి తిరిగితే మంజీర బ్యారేజీ. నీళ్ల మధ్యలో తుమ్మచెట్లతో నిండిన చిన్నచిన్న గడ్డలు కనిపిస్తాయి. పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ... ఇవీ వాటి పేర్లు. చెట్లమీద కొంగలు. ఒడ్డున బురదలో ఎండుదుంగలా ఏదో పడి ఉంటుంది. కాసేపు చూస్తే ఆ దుంగ నోరు తెరుస్తుంది!

జహీరాబాద్ వాళ్లకు ఈ నది కొత్తేమీ కాదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చేది న్యాల్‌కల్ మండలం దగ్గరే. కిందికి వస్తే సింగూరు జలాశయం, ఆ కింద బ్యారేజీ. ఈ రెంటి మధ్యా 36 కిలోమీటర్ల పొడవున ఉన్న నదిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లే. ముఖ్య అతిథి మాత్రం మగ్గర్... అంటే మన మంచినీటి మొసలి.

చర్మం కోసం చంపేశారు

ఒకప్పుడు మన నదుల్లో, చెరువుల్లో మొసళ్లకు కొదవలేదు. చర్మం కోసం వేటాడటంతో 1970ల నాటికి దేశమంతటా వాటి ఉనికే ప్రశ్నార్థకమైంది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కానీ నిషేధిస్తే సరిపోతుందా? అప్పటికే ఖాళీ అయిన నదులు మళ్లీ నిండేదెలా? అందుకే 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్రం మొసళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. ముఖ్య సలహాదారు బస్టర్డ్ అనే శాస్త్రవేత్త. దేశం నలుమూలల నుంచీ అటవీ సిబ్బంది వచ్చి ఈ విద్య నేర్చుకునేందుకు శిక్షణ సంస్థను పెట్టింది మన హైదరాబాద్‌లోనే!

పద్ధతి వినడానికి తేలికే. గుడ్లు సేకరించి పొదిగించాలి, పిల్లల్ని పెంచాలి, నాలుగడుగుల పొడవు దాటాక నదిలో వదలాలి. చేయడమే కష్టం. మగ్గర్ తల్లి వేసవి మొదట్లో ఒడ్డున గొయ్యి తవ్వి పాతిక ముప్ఫై గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు, వానలు పడేముందు, పిల్లలు బయటికొస్తాయి. మట్టి కింద నుంచి అవి అరిస్తే తల్లి గొయ్యి తవ్వి, నోట కరచుకుని నీళ్లలోకి తీసుకెళ్తుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, పుట్టేది ఆడో మగో తేల్చేది గూడులోని వేడి. 31 డిగ్రీల లోపైతే ఆడపిల్లలు, 32.5 దగ్గర మగపిల్లలు. పొదిగించే గదిలో ఒకటిన్నర డిగ్రీ తేడా వస్తే ఆ ఏటి పిల్లల లెక్కే మారిపోతుంది.

వదిలేయడమే విజయం

ఇలాంటి చోట్ల పెద్దరికం వహించే అధికారికి రెండు రకాల పనులు. మొదటిది అందరికీ కనిపించేది. ఏ పొలంలోనో, బావిలోనో మొసలి ఉందని కబురు వస్తుంది. సిబ్బంది తాళ్లతో వెళ్తారు. ముందు తడి గోనెపట్టాతో కళ్లు కప్పుతారు, చీకటి పడితే మొసలి కాస్త శాంతిస్తుంది. తరవాత నోరు కట్టేస్తారు. కరిచేటప్పుడు అంత బలమున్న దవడకు నోరు తెరిచే బలం మాత్రం తక్కువ. ఎక్కువసేపు పెనుగులాడితే మొసలి ప్రాణానికే ముప్పు. అందుకే వీలైనంత త్వరగా ముగించి, ఒళ్లు తడుపుతూ తీసుకెళ్లి నీళ్లలో వదులుతారు.

రెండోది ఎవరికీ కనిపించనిది. ఊళ్లవాళ్లకు నచ్చజెప్పడం, వలలో చిక్కిన మొసలిని కొట్టకుండా కబురు చేసేలా చూడటం, గుడ్లున్న గడ్డలమీదికి మనుషులూ కుక్కలూ వెళ్లకుండా కాపలా కాయడం. పెంచిన పిల్ల మనిషిని చూసి పారిపోతేనే పెంపకం సరిగ్గా సాగినట్టు. చేతి తిండికి అలవాటు పడితే అది నదికి పనికిరాదు. మచ్చిక చేసుకోకుండా పెంచాలన్నమాట!

ఇంతా చేస్తే, అసలు తాళంచెవి అటవీశాఖ దగ్గర లేదు. మొసలి వీళ్లది, నీళ్లు మాత్రం వేరేవాళ్లవి. పైన సింగూరు గేట్లు, కింద దశాబ్దాలుగా హైదరాబాద్ దాహం తీర్చిన బ్యారేజీ. 2015-16 కరవులో రెండూ అడుగంటాయి, నగరానికి ఇక్కడి నీళ్లు ఆగిపోయాయి. నగరానికి కృష్ణా, గోదావరి జలాలు అందాయి. మొసలికి మరో పైపులైను ఎక్కడిది? నీళ్లు తగ్గితే అది ఒడ్డున బొరియ తవ్వుకుని తలదాచుకుంటుంది, లేదంటే తడి వెతుక్కుంటూ పొలాలకు నడుస్తుంది. అప్పుడు ఊరంతా ‘మొసలి వచ్చింది’ అంటుంది. నిజానికి పోయింది దాని నీళ్లు!

అందుకే ఇక్కడ ఒక్కో మొసలిని కాపాడటం ఎంత ముఖ్యమో, వేసవిలో మడుగుల్లో కాసిని నీళ్లు మిగలడం అంతకన్నా ముఖ్యం.

ఎలా వెళ్లాలి?

జహీరాబాద్ నుంచి సంగారెడ్డికి బస్సులో సుమారు గంట ప్రయాణం. అక్కడి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. మొసళ్ల పెంపకం కేంద్రం, పర్యావరణ విజ్ఞాన కేంద్రం చూడొచ్చు. చలికాలం ఉదయాలు మంచి సమయం. ఒళ్లు కాచుకోవడానికి మొసళ్లు ఒడ్డెక్కేదీ, వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. పిల్లల్ని నీళ్ల అంచుకు వెళ్లనివ్వకండి. తినుబండారాలు విసరొద్దు!