పరుగుకు ముందు వరుస

పందెం రోజున మా ఇంటావిడ పరిగెత్తింది మూడు గంటల లోపు. ముందురోజున నిలబడింది దాదాపు ఐదు గంటలు. మారథాన్‌లకు వెళ్ళివచ్చిన మన చదువరులకు ఈ లెక్క కొత్త కాదు. ఇకమీదట వెళ్ళబోయే వారికోసం, అంతకంటె ముఖ్యంగా మన సంఘాలలో పనులు నెత్తిన వేసుకునే పెద్దలకోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

మారథాన్ అనేది గ్రీసు దేశంలో ఒక ఊరు. 1896లో ఏథెన్సులో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్సులో ఆ ఊరినుంచి ఏథెన్సుదాకా సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టారు. 1908లో లండనులో అది 42.195 కిలోమీటర్లయింది. 1921లో ఆ కొలతే ఖాయం చేశారు. అందులో సగం, అంటే 21 కిలోమీటర్ల చిల్లర, అర మారథాన్. మా ఇంటావిడ పూనుకున్నది ఈ అర పరుగుకే.

మాది షోలాపురం. తాతలనాడు మగ్గాల పనికోసం తెలంగాణం నుంచి వచ్చి పూర్వభాగంలో స్థిరపడ్డ కుటుంబం. మేము ఒక కచేరీలో గుమాస్తాలం. ఇంటావిడకు నలభై నిండినప్పుడు డాక్టరుగారు రక్తం పరీక్షచేసి, చక్కెర గడప దగ్గర నిలబడి ఉన్నదమ్మా, లోపలికి రానివ్వకు అన్నారు. ఆనాటినుంచి తెల్లవారుజామున సిద్ధేశ్వర చెరువు పక్కన నడక మొదలయింది. నడక వడినడక అయింది, వడినడక పరుగయింది. చీర పోయి పంజాబీ డ్రెస్సు, చెప్పులు పోయి బూట్లు వచ్చాయి. వాడకట్టులో ఆడవాళ్ళు మొదట నవ్వారు. మా అమ్మ పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజున తానే లేచి అలారం నొక్కి కోడలిని లేపింది. ఎనిమిది నెలల సాధన తర్వాత, 2023 శీతకాలంలో ముంబయిలో జరిగే ఒక పరుగుకు రుసుము కట్టాము.

అక్కడినుంచి కథ కాగితాల పాలయింది. రొమ్ముకు పిన్నీసులతో తగిలించుకునే నంబరు కాగితాన్ని పరిగెత్తే మనిషే స్వయంగా వచ్చి, గుర్తింపు కార్డు చూపించి, ముందురోజే తీసుకోవాలట. పందెం ఉదయాన ఇవ్వరు. ఇంకొకరి చేతికీ ఇవ్వరు. ఈ నియమాన్ని మేము తప్పు పట్టము. ఆ కాగితం వెనక పలుచని చిప్పు అంటించి ఉంటుంది. దారిలో పరచిన చాపల మీదుగా పోగానే అది ఏ గడియకు ఎవరు దాటారో నమోదు చేస్తుంది. 1980లో బోస్టనులో రోజీ రూయిజ్ అనే ఆవిడ పూర్తి దారి పరిగెత్తకుండానే గెలిచినట్టు కిరీటం పెట్టించుకున్నది. కొన్నాళ్ళకు అది ఊడబెరికారు. అటువంటివి జరగకూడదంటే ఎవరి నంబరు వారి చేతికే చేరాలి. పైగా దారిలో ఎవరైనా సొమ్మసిల్లితే ఆ నంబరును బట్టే మనిషిని పోల్చుకుంటారు.

నియమం మంచిదే. దాన్ని నడిపిన తీరే ఘోరం. శుక్రవారం రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున ముంబయిలో దిగాము. నంబర్లు ఇచ్చే చోటును వారు ఎక్స్‌పో అంటారు. మన మాటలో చెప్పాలంటే అంగళ్ళ తిరునాళ్ళు. స్టేషను నుంచి దారి చూపే బోర్డు ఒక్కటి లేదు. ఆటో ఒక గేటు దగ్గర దించితే, లోపలికి పోయే గేటు మైదానానికి అవతలి పక్కన ఉన్నది. సంచులు లోపలికి రానివ్వరన్నారు. వాటిని దాచే చోటు మళ్ళీ మొదటి గేటు దగ్గర! రాత్రి బండిలో వచ్చినవారికి చేతిలో సంచి ఉంటుందని ఎవరికీ తట్టలేదు కాబోలు.

లోపల నాలుగు వరుసలు. తనిఖీకి ఒకటి, రసీదుకు ఒకటి, నంబరుకు ఒకటి, చొక్కాకు ఒకటి. ఏది దేనికో రాసిపెట్టలేదు. ముందున్నవారిని అడిగితే వారు తమ ముందున్నవారిని అడిగారు. జనం ఒత్తిడికి ఫోన్లు పనిచేయక, రసీదులు తెరుచుకోక, పిల్లలు ఫోన్లను ఆకాశానికి ఎత్తి చూపుతున్నారు. మేము గుమాస్తా బుద్ధితో రసీదును కాగితం మీద అచ్చుతీసి రెండు ప్రతులు తెచ్చాము. అదొక్కటే ఆనాటి మా విజయం. కూర్చోవడానికి కుర్చీ లేదు. రేపు పరిగెత్తవలసిన కాళ్ళకు ఈ రోజు విశ్రాంతి ఇవ్వాలని ఆ పందెం వారే పంపిన సలహా కాగితంలో ఉన్నది. దాన్ని చేతిలో పట్టుకునే మా ఇంటావిడ నిలబడింది.

మూడో వరుసలో మా వంతు వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. బల్ల అవతల కుర్రవాడు ఆధారు కార్డు చూశాడు, రసీదు చూశాడు, "నావ్ జుళత్ నాహీ" అన్నాడు. పేరు కలవడం లేదట.

ఇది మన కుటుంబాలన్నింటికీ తెలిసిన బాధే. తెలుగువారికి ఇంటిపేరు ముందు. మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, నడుమ భర్త పేరు, చివర ఇంటిపేరు. ఆవిడ ఆధారు మరాఠీ వరుసలో ఉన్నది. దరఖాస్తు కూడా అచ్చంగా అట్లాగే నింపాము. వారి యంత్రమేమో నడిమి పేరు మింగేసి, ఇంటిపేరును ముందుకు లాగి రసీదు అచ్చువేసింది. కుర్రవాడు జాబితాలో వెతకవలసిన అక్షరం వదిలి వేరే అక్షరం కింద వెతుకుతున్నాడు. "లేదు, సహాయం బల్లకు వెళ్ళండి" అన్నాడు. సహాయం బల్ల దగ్గర ఇంకొక వరుస! అక్కడి అమ్మాయి, "ఇది మూడో వరుస వాళ్ళే చూడాలి" అన్నది.

ఇంటావిడ ఏమీ అనలేదు. "ఏమండీ, పోదాం పదండి. చెరువు గట్టు ఎక్కడికీ పోదుగా" అన్నది. ఎనిమిది నెలలలో ఆవిడ గొంతు అంత చిన్నబోవడం మేము వినలేదు.

అప్పుడు మాకు ఎప్పుడో చదివిన సంగతి ఒకటి గుర్తుకువచ్చింది. 1967లో బోస్టను పరుగుకు కాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి పొడి అక్షరాలతో కె. వి. స్విట్జర్ అని పేరు ఇచ్చింది. 261వ నంబరు దొరికింది. దారిలో ఆడపిల్ల అని గమనించిన అధికారి ఒకాయన వెంటపడి ఆ నంబరు లాగబోయాడు. ఆమె ఆగక పరుగు పూర్తిచేసింది. 1972లో గాని అక్కడ స్త్రీలను లెక్కలోకి తీసుకోలేదు. ఒక నంబరు కాగితం కోసం అంత పోరాటం జరిగిన లోకంలో, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికి వెనుదిరిగి పోవడమా?

కచేరీలో ఇరవై ఏళ్ళుగా బల్లకు అవతలి పక్కన కూర్చున్నవాళ్ళం. పేరు కలవకపోతే కార్యాలయాలలో చేసే పని మాకు తెలుసు. తిరిగి మూడో వరుసకు పోయి నెమ్మదిగా చెప్పాము: "నాయనా, పేరు వదిలిపెట్టు. పుట్టిన తేదీ, ఫోను నంబరు, ముఖం, ఈ మూడూ చూడు. మూడూ కలిస్తే మనిషి ఒక్కరే." కుర్రవాడు భయపడ్డాడు. తప్పు జరిగితే మాట తనకు వస్తుంది. నిర్ణయించే పెద్ద ఎవరూ ఆ చుట్టుపక్కల లేరు. అతని స్థితీ మాకు అర్థమయింది. మేము కచేరీలో చేరిన కొత్తలో అట్లాగే వణికాము. "నీ మీదికి రాకుండా మేమే రాసి సంతకం పెడతాము" అని రసీదు రెండో ప్రతి వెనక నాలుగు పంక్తులు రాసి, ఇంటావిడచేత సంతకం చేయించి ఇచ్చాము. అతడు తేదీతో వెతికాడు. అర నిమిషంలో పేరు దొరికింది! నంబరు చేతికి వచ్చేసరికి ఐదున్నర. చొక్కా మాత్రం ఆవిడ కొలతది అయిపోయి, మాకు సరిపోయేది ఇచ్చారు. బయటికి దారి అంగళ్ళన్నింటినీ చుట్టి గాని వదలలేదు.

మర్నాడు వాచిన మడమలతోనే ఆవిడ పరుగు ముగించింది. షోలాపురం చేరాక ఆ నంబరు కాగితాన్ని మా అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టింది.

ఇంతకూ చెప్పదలచినది, వరుస పొడుగైతే మనిషి విసగడు. ఏ వరుసో తెలియకపోతే విసుగుతాడు, అడగడానికి మనిషి లేకపోతే కుంగిపోతాడు. మన సంఘాలలోనూ ఉగాది విందులకు, విద్యార్థుల బహుమతులకు వందలమంది వస్తారు. వరుస మొదట్లో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు, పొరుగూరి వారికి వేరే ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కుండ మంచినీళ్ళు, నిర్ణయం చెప్పగల ఒక పెద్దమనిషి ఉంటే చాలు. వీటికి ఖర్చు కూడా పెద్దగా లేదు. పేర్లు రాసుకునేటప్పుడు మాత్రం, ఇంటిపేరు ముందు రాయమంటారా, వెనక రాయమంటారా అని వచ్చినవారినే ఒక్క మాట అడగండి.