గుమాస్తా రాసిన పద్దులు ఎక్కడికి పోయాయి?

పశ్చిమ ప్రకాశంలో వలస అన్న మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడాది మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకో బెంగళూరుకో బయల్దేరతారు. కంప్యూటర్ల పని చేసే మాకూ ఒక వలస ఉంది. పాత కంప్యూటర్లోని లెక్కల్ని కొత్తదాంట్లోకి మార్చడం. దాన్ని మేం డేటా మైగ్రేషన్ అంటాం. రెండు వలసల్లోనూ బాధ ఒకటే. మనిషితో పాటు కాగితాలు రాకపోతే కొత్తచోట అతనెవరో ఎవరికీ తెలీదు.

గిద్దలూరులో ఒక ఎరువుల కొట్టుంది. ఇరవై ఏళ్లుగా ఒకే గుమాస్తా. రైతులు అరువుకి యూరియా, పురుగుమందులు తీసుకెళ్లి పంట అమ్మాక కడతారు. ఎండాకాలంలో కొత్త కంప్యూటర్ కొన్నారు. ఎక్స్‌పీ రోజుల నాటి లెక్కల సాఫ్ట్‌వేర్‌నే, అమ్మినవాళ్ల మనిషొచ్చి దాంట్లో ఎక్కించి, పాత పద్దులు కాపీ చేసి వెళ్లాడు. సంక్రాంతికి గుమాస్తా సెలవు పెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన షావుకారి కొడుకు తన పేరుతో లాగిన్ చేసుకుని మూడు రోజులు వసూళ్లు రాశాడు. నాలుగో రోజు ఒక పెద్దాయన్ని బాకీ అడిగాడు.

"నాయనా, దీపావళికే కట్టేశా కదా" అని ఆయన కొట్టు ముద్ర ఉన్న రసీదు తీశాడు.

కుర్రాడు పద్దులన్నీ తిరగేశాడు. మే నెల తర్వాత గుమాస్తా రాసినది ఒక్కటీ లేదు. ఎనిమిది నెలల వసూళ్లు! "నాన్నా, ఇన్నేళ్లూ ఎవర్ని నమ్మావు?" అన్నాడు. నన్ను పిలిచేసరికి పోలీసు స్టేషన్ మాట కూడా వచ్చేసింది.

అసలు జరిగింది ఇది. ఎక్స్‌పీలో చాలామంది అడ్మినిస్ట్రేటర్‌గానే పనిచేసేవాళ్లు. సాఫ్ట్‌వేర్లు కూడా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లోనే లెక్కలు రాసుకునేవి. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ అలవాటుకి అడ్డు పడింది. మామూలు యూజర్ అక్కడ రాయకూడదు. కానీ పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని మైక్రోసాఫ్ట్ ఒక సర్దుబాటు చేసింది. అక్కడ రాయబోతే ఆ ఫైలుకి ఒక నకలు తీసి, ఆ యూజర్ సొంత ఫోల్డర్లలో వర్చువల్‌స్టోర్ అనే చోట దాస్తుంది. అప్పట్నుంచి ఆ యూజర్‌కి కనిపించేది ఆ నకలే. ఎవరి నకలు వాళ్లది. ప్రోగ్రాముకీ తెలీదు, మనిషికీ తెలీదు.

గుమాస్తా ఎనిమిది నెలలూ తన నకల్లో రోజూ రాశాడు. కుర్రాడికి మే నెల నాటి అసలు నుంచి కొత్త నకలు పుట్టింది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో దాగి ఉన్న ఆ ఫోల్డర్ తెరిచి చూపించాను. పైసాతో సహా అన్నీ ఉన్నాయి. పెద్దాయన కట్టిన డబ్బు కూడా. రెండు నకళ్లూ వేరే డిస్కులో భద్రం చేసి, కుర్రాడు మూడు రోజులు రాసినవి రసీదు నంబర్ల వారీగా గుమాస్తా పద్దుల్లో చేర్చాం. షావుకారు ఒక్క మాటే అన్నాడు: "ఈ సంగతి వాడి చెవిన పడకూడదయ్యా."

ఇలాంటప్పుడు చాలామంది చేసే చిట్కా ఒకటుంది. ఫోల్డర్‌కి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. అది ఇనప్పెట్టె తాళంచెవి వీధిగుమ్మానికి తగిలించినట్టే. వైరస్ వచ్చినా ప్రోగ్రామునే మార్చేయగలదు. సరైన పని ఇన్‌స్టాలర్ చేయాలి. ప్రోగ్రామ్ ఒకచోట, అందరూ వాడే లెక్కలు ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లో. అక్కడ కూడా ఒకరు చేసిన ఫైలుని ఇంకో మామూలు యూజర్ చదవగలడే గానీ మార్చలేడు. కాబట్టి లెక్కలు రాసేవాళ్లకి ఆ ఒక్క ఫోల్డర్ మీద హక్కు ఎక్కించేటప్పుడే ఇవ్వాలి. కొత్త వెర్షన్ వేసేటప్పుడు పాత చోట్లన్నీ, వర్చువల్‌స్టోర్‌తో సహా, వెతకాలి. రెండు నకళ్లు దొరికితే ఏది ఏ తేదీదో చూపించి అడగాలి. కాపీ చేశాక ఎన్ని పద్దులు, ఎంత మొత్తం అని రెండువైపులా సరిచూడాలి. అది తేలేదాకా పాతది చెరపకూడదు. మా మార్కాపురం పలకలకి పేరు. తడిచేత్తో తుడిస్తే పోవడం పలక గుణం, పద్దుకి అది పనికిరాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. మన కొట్లలో మళ్లీ కంప్యూటర్లు మారుతున్నాయి. పాతది పక్కన పెట్టేముందు అందులో ఎంతమంది పేర్లున్నాయో అందరి చేతా లాగిన్ చేయించి, ఒక్కొక్కరికీ చివరి పద్దు ఏ తేదీది కనిపిస్తోందో చూడండి. తేదీలు కలవకపోతే అక్కడే ఆగండి. ఆ పెద్దాయన రసీదు దాచుకున్నాడు కాబట్టి గట్టెక్కాడు. మన పల్లెల్లో రసీదు దాచుకోని రైతులే ఎక్కువ.