నవ్వులన్నీ ఖుషీ కావు



మా పెద్దబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. ఇంటికొస్తే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యడు. మొన్న సెలవుల్లో విశాఖ నుంచి అరకు వెళ్ళే రైల్లో, "ఏం వింటున్నావు బేటా?" అన్నాను. ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు. సౌండ్‌గార్డెన్ అనే అమెరికా రాక్ బ్యాండ్ పాట, 'బ్లాక్ హోల్ సన్'. 1994 నాటిది.

శివలింగపురం దాటాక వరసగా సొరంగాలు. చీకటి పడ్డప్పుడల్లా బోగీలో పిల్లల కేకలు, ఈలలు. నా చెవిలో మాత్రం క్రిస్ కార్నెల్ ఆవాజ్. లోపల తిరిగే స్పీకర్ గుండా పంపి రికార్డు చేసిన గిటార్, నీళ్ళ అడుగున మోగుతున్నట్టు వణుకుతోంది. మొదట లోరీలా మెల్లగా, తర్వాత ఒక్కసారిగా తుఫాన్.

రాత్రి గదిలో వీడియో చూపించాడు. 1994లో దానికి ఎంటీవీ అవార్డు వచ్చింది. అందమైన ఇళ్ళు, పచ్చగడ్డి. అందరూ నవ్వుతుంటారు, పెదాలు చెవులదాకా సాగి, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి. ఒక పాప బొమ్మను నిప్పుల మీద కాలుస్తుంది. చివరికి సూర్యుడు నల్లబడి అందర్నీ లోపలికి లాగేస్తాడు. దయ్యాల్లేవు. ఖౌఫ్ అంతా ఆ నవ్వుల్లోనే ఉంది.

"తౌబా! గ్రహణం పడితే మనం నమాజె కుసూఫ్ చదువుతాం. వీళ్ళు నల్ల సూరజ్‌ని రమ్మని పిలుస్తున్నారా?" అంది మా బేగం.

"ఆ నవ్వుల నుంచి ఛుట్‌కారా కోసం పిలుస్తున్నాడు అమ్మీ" అన్నాడు వాడు. కార్నెల్ 2017లో, 52 ఏళ్ళకే పోయాడనీ, అది ఖుద్‌కుషీ అని తేల్చారనీ చెప్పాడు. కాసేపు ఆగి, "మా హాస్టల్లో కూడా ఎవర్నడిగినా బాగున్నా అనే అంటారు" అన్నాడు.

"మరి నువ్వు?" అన్నాను.

ఖామోషీ. తర్వాత చెప్పాడు. మార్కుల భయం, నిద్ర పట్టని రాత్రులు, తన్హాయీ. ఫజ్ర్ దాకా ముగ్గురం మాట్లాడుకున్నాం. మర్నాడు గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఫొటో దిగాం. వాడు నవ్వలేదు. నవ్వమని మేమూ అనలేదు.

ఖైరియత్ అడిగితే అల్‌హమ్దులిల్లాహ్ అనడం మన తహ్‌జీబ్. కానీ శుక్ర్ వేరు, గమ్ దాచుకోవడం వేరు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాకూబ్ అలైహిస్సలాం చూపే కోల్పోయారు. తన గమ్ అల్లాహ్‌కు చెప్పుకున్నారు. దాన్ని ఖుర్ఆన్ తప్పు పట్టలేదు.

పిల్లలు వినే పాట మీకు నచ్చకపోవచ్చు. ఒక్కసారి పక్కన కూర్చుని చివరిదాకా వినండి. ఆ తర్వాత వాళ్ళ ఖైరియత్ ఇంకోసారి అడగండి.