తెర చించుకుని వచ్చిన దెయ్యం

ఊరికే వచ్చిన టికెట్టును నమ్మకూడదని 1985లోనే చెప్పాడు ఇటలీ దర్శకుడు లాంబెర్టో బావా. సినిమా పేరు ‘డెమన్స్’, నిర్మాత డారియో అర్జెంటో. పశ్చిమ బెర్లిన్‌లో ముసుగు మనిషి పంచిన పాసులు పట్టుకుని జనం మెట్రోపోల్ థియేటర్‌కి వస్తారు. లాబీలో అలంకారానికి పెట్టిన ముఖతొడుగును ఒకామె సరదాగా పెట్టుకుంటే చెంప గీసుకుపోతుంది. కాసేపటికి తెరమీదా అదే తొడుగు, అదే గాటు!

నాకు నచ్చింది తర్వాతి ఘట్టం. దెయ్యంగా మారిన ఆమె గోళ్లు తగిలిన స్నేహితురాలు తెర వెనక చిక్కుకుని అరుస్తుంటుంది. సినిమాలోనూ అరుపులే. ఏది ఎవరి గొంతో తేలేలోపు తెర బర్రున చిరిగి, ఆ పిల్ల జనం ముందు పడుతుంది. కారణం సినిమాయేనని ప్రొజెక్టర్ గదికి పరుగెత్తితే అక్కడ ఆపరేటరే లేడు. మిషన్ దానంతటదే తిరుగుతోంది. అప్పటికది వింత. ఇవాళ చాలా మల్టీప్లెక్సుల్లో జరిగేదదే. సినిమాలో జనం ఆ మిషన్ని పగలగొట్టినా చావులు ఆగవు.

ఇక హీరో కత్తి తిప్పుతూ కుర్చీల మీదుగా మోటార్‌సైకిల్ నడపడం, కప్పు చీల్చుకుని హెలికాప్టర్ పడడం... లాజిక్ అడక్కండి. మన మాస్ సినిమాలకు అలవాటుపడ్డ కళ్లకు అదో లెక్కా?